ఆనెస్ట్ మిస్టేక్‌ను వాడే పద్ధతి

గెడ్డవూరు, బారువ పోస్టు
8 జూలై 2024

సాగరతీర రక్తపరీక్షా కేంద్రం, పలాస, నిర్వాహకులకు

అయ్యా,

నా పేరు కొర్ల జ్ఞానసుందరి. వయసు డెబ్బై నాలుగు. మిషన్ హైస్కూలులో ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఫోను చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం ఒకటే. ఫోనులో చెప్పినదాన్ని ఎవరూ ఫైలులో పెట్టరు.

ఫిబ్రవరి 11, ఆదివారం, ఆరాధన ముగిశాక మా చర్చి వరండాలో మీ కేంద్రం తరఫున ఉచిత కిడ్నీ పరీక్ష జరిగింది. చర్చికి వచ్చేవాళ్లూ రానివాళ్లూ కలిపి పన్నెండు మంది ఆడవాళ్లం రక్తం ఇచ్చాం. 14వ తేదీన రిపోర్టులు వచ్చాయి. నా పేరు మీద వచ్చిన కాగితంలో క్రియాటినిన్ 4.8 అని ఉంది. మిగతా పదకొండు మందికీ ఒకటి లోపే.

ఉద్దానంలో ఆ అంకెకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇక్కడి పిల్లలకు ఎక్కాలు రాకపోయినా క్రియాటినిన్ తెలుసు. నా కిడ్నీలు ముప్పాతిక వంతు పోయాయని అర్థం చేసుకున్నాను. అచ్చులో ఉన్న కాగితాన్ని అనుమానించే అలవాటు నాకు లేదు. సూదుల మీదా యంత్రాల మీదా బతకకూడదని నిర్ణయించుకుని ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. పథ్యం మాత్రం చేశాను. నూట నలభై రోజులు ఉప్పు లేదు, ఊరగాయ లేదు, అరటిపండు లేదు, కొబ్బరినీళ్లు లేవు, బారువ ఎండుచేప లేదు. తేదీలవారీగా పుస్తకంలో రాసుకున్నాను. కావాలంటే నకలు పంపుతాను.

జూలై 3న మా మనవరాలు జాయ్ నా మాట వినకుండా నన్ను విశాఖపట్నం తీసుకెళ్లి రెండు చోట్ల రక్తం తీయించింది. ఒకచోట 0.9, రెండోచోట కూడా 0.9. అక్కడి డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, జబ్బేమీ లేదు, తిండి తినమని చీటీ రాసిచ్చాడు.

నాకు పరిహారం అక్కర్లేదు. ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. ఆ 4.8 నాది కాదు. మీ యంత్రం దాన్ని కల్పించి ఉండదు. ఆ వరండాలో కూర్చున్న పదకొండు మందిలో ఎవరిదో అది. ఆమె ఎవరు? తనకేమీ లేదనుకుని ఈ పూట ఆమె ఏం తింటోంది? దయచేసి వెంటనే తెలియజేయండి.

జవాబు వచ్చేదాకా రోజులు లెక్కపెడుతూ ఉండే,
కొర్ల జ్ఞానసుందరి

తా.క. మీ రిపోర్టును నమ్మి, మా వాళ్ల సమాధుల పక్కన నా రాయి కూడా చెక్కించి పెట్టుకున్నాను. పేరు, పుట్టిన సంవత్సరం, ఒక గీత, 2024. రాయి చెక్కిన ఢిల్లీబాబును పిలిచి విషయం చెప్తే, 4ను 5 చేయడం ఎవరి వల్లా కాదన్నాడు. 9 అయితే చేయగలడట. ఈ లెక్కన నాకు ఐదేళ్లు గడువు దొరికింది.

---

సాగరతీర రక్తపరీక్షా కేంద్రం, పలాస
19 జూలై 2024

గౌరవనీయులైన జ్ఞానసుందరి గారికి,

నమస్కారం. మీ విలువైన అభిప్రాయం మాకు అందింది. మా సేవలను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు.

మీ రిపోర్టు విషయంలో జరిగినది పూర్తిగా ఒక ఆనెస్ట్ మిస్టేక్ అని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. రోజుకు నాలుగు వందల నమూనాలు పరీక్షించే సంస్థలో ఇలాంటి ఆనెస్ట్ మిస్టేక్‌లు సహజం. మా ఆనెస్ట్ మిస్టేక్‌కు ఐదు నెలలపాటు ఓపికగా సహకరించిన మీకు సంస్థ తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

మీ సంతృప్తి కోసం 'వెండి వెన్నెల' ప్యాకేజీ కింద అరవై నాలుగు రక్తపరీక్షలు ఉచితంగా చేస్తాం. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా రావాలి. మీకు అది అలవాటే కనుక ఇబ్బంది ఉండదని భావిస్తున్నాం.

మీరడిగిన మిగతా ప్రశ్నను సంబంధిత విభాగానికి పంపించాం.

మీ ఆరోగ్యమే మా ఆనందంగా భావించే,
ప్రేమ్‌కుమార్
రోగుల సంతృప్తి విభాగం

తా.క. మా కేంద్రంలో పరీక్ష చేయించుకున్న తర్వాత 4.8 నుంచి 0.9కి దిగిన మొదటి వ్యక్తి మీరే. మీరు నవ్వుతున్న ఫొటో ఒకటి పంపితే మా ప్రచార కరపత్రంలో వేసుకుంటాం.

---

గెడ్డవూరు
24 జూలై 2024

ప్రేమ్‌కుమార్ గారికి,

మీ ఉత్తరంలో ఆనెస్ట్ మిస్టేక్ అనే మాట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ తప్పుగానే వచ్చింది. ఊరికే వదిలేద్దామనుకున్నాను గానీ, ముప్పై మూడేళ్ల అలవాటు వదలనివ్వలేదు.

ఆ మాటను తప్పు చేసిన మనిషే వాడాలి. 'నేను' అని మొదలుపెట్టి, తన పేరు చెప్పుకుని వాడాలి. సంస్థకు నోరు ఉండదు కాబట్టి సంస్థ వాడకూడదు. ఏం జరిగిందో, దానివల్ల ఎవరికేం పోయిందో మొత్తం చెప్పిన తర్వాత, చివర్లో వాడాలి. మీరు నా రిపోర్టు ఊసెత్తిన మొదటి వాక్యంలోనే వాడి, అసలు సంగతి చెప్పడం మానేశారు. ఆ తప్పువల్ల చేసినవాడికి ఏ మేలూ జరిగి ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ముందే ఎవరూ హెచ్చరించి ఉండకూడదు. ఈ నాలుగూ కుదిరితేనే ఆ మాట చెల్లుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మా స్కూలులో గౌరీశంకర్ అని గుమాస్తా ఉండేవాడు. ఒకరోజు అరగంట ముందే ఇంటి బెల్లు కొట్టేశాడు. వెంటనే నా గదికి వచ్చి, బెల్లు నేనే కొట్టాను, ఆగిపోయిన గడియారం చూసి కొట్టాను, ఎనిమిదో తరగతికి లెక్కల పీరియడ్ పోయింది, ఆనెస్ట్ మిస్టేక్ అండీ అన్నాడు. ఒప్పుకున్నాను. గడియారం బాగు చేయించమని చెప్పాను. చేయించలేదు. మరుసటి వారం మళ్లీ అలాగే కొట్టి, మళ్లీ అదే మాట అన్నాడు. ఆ రోజు గది బయట నిలబెట్టాను. చెప్పినా వినకుండా చేసిన తప్పుకు ఆ మాట చెల్లదు.

ఇక అసలు విషయం. మిగతా పదకొండు మందినీ పిలిచి మళ్లీ పరీక్ష చేయించుకోమన్నాను. ఒక్కరూ కదల్లేదు. బాగుందని రాసి ఉన్న కాగితాన్ని ఎవరూ అనుమానించరు. మా పక్కింటి చిన్నమ్మి సంగతే చూడండి. యాభై రెండేళ్ల మనిషి. పలాస వ్యాపారి పెట్టిన బట్టీలో జీడిపిక్కలు కొడుతుంది. నాకు జబ్బని తెలిసిన రోజు నుంచి, పనికి పోయేముందు నీళ్లు కాచి పెట్టి, ఉప్పులేని రాగిజావ కాచి, నేను తాగేదాకా ఎదురుగా కూర్చునేది. 'ఏటి టీచరమ్మా, గొంతు దిగదని నాకూ తెలుసు. కళ్లు మూసుకుని తాగీ' అనేది. సాయంత్రం వచ్చి నా కాళ్లు పట్టేది. తన కాళ్లకే నీరు దిగి ఉండేది. అదేమిటే అని అడిగితే, దినమంతా కూకున్న కాళ్లకి నీరు దిగదేటి, నా కాయితం బాగుంది కదా అనేది. ఇప్పుడూ అదే అంటోంది.

సంబంధిత విభాగాన్ని తొందరపెట్టండి.

వేచి ఉన్న,
కొర్ల జ్ఞానసుందరి

తా.క. ఫొటో పంపడం లేదు. నేను నవ్విన ఫొటో మా ఇంట్లో లేదు. నా పెళ్లి ఫొటోలో కూడా లేదు.

---

సాగరతీర రక్తపరీక్షా కేంద్రం, పలాస
6 ఆగస్టు 2024

గౌరవనీయులైన టీచర్ జ్ఞానసుందరి గారికి,

మీ ఉత్తరం మా సిబ్బందిని ఎంతో ఆకట్టుకుంది. మేనేజరు గారు దాన్ని సోమవారం సమావేశంలో చదివించారు. మీ సూచనలను వెంటనే అమల్లో పెట్టాం.

ఇకపై ఏ సంజాయిషీ అయినా 'నేను' అని మొదలుకావాలని ఆదేశాలిచ్చాం. ప్రతిసారీ చేత్తో రాయడం కష్టం కనుక రబ్బరు స్టాంపు చేయించాం. 'నేను (ఖాళీ) చేసినది ఆనెస్ట్ మిస్టేక్' అని ఉంటుంది. ఖాళీలో పేరు రాసి సంతకం పెడితే సరిపోతుంది. అలాగే రిసెప్షన్‌లో పెద్ద బోర్డు పెట్టాం. 'మా కేంద్రంలో జరిగేవి ఆనెస్ట్ మిస్టేక్‌లు మాత్రమే.' చూసినవాళ్లు ఆగి చదువుతున్నారు. కొందరు చదివి వెళ్లిపోతున్నారు.

మీ ప్రశ్న విషయంలో సంబంధిత విభాగం ఇలా తెలియజేసింది. మీ పేరుతో ఉన్న రిపోర్టు మీది. ఇతరుల పేరుతో ఉన్న రిపోర్టులు ఇతరులవి. కాబట్టి రికార్డు ప్రకారం 4.8 ఇప్పటికీ మీదే. అది వేరొకరిదని తేలితే, ఆ వివరం వారి గోప్యతకు సంబంధించినది. వారి రాతపూర్వక అనుమతి లేకుండా మీకు చెప్పలేం. వారు ఎవరో తెలిసిన వెంటనే, వారి అనుమతి తీసుకుని, వారు ఎవరో మీకు తెలియజేస్తాం.

మీ పాఠానికి రుణపడిన,
ప్రేమ్‌కుమార్
రోగుల సంతృప్తి విభాగం

తా.క. స్టాంపు మొదటి రోజే పోయింది. ఎవరు పోగొట్టారో చెప్పడానికి ఎవరూ 'నేను' అనడం లేదు.

---

గెడ్డవూరు
14 ఆగస్టు 2024

ప్రేమ్‌కుమార్ గారికి,

మీ సంబంధిత విభాగానికి ఇక శ్రమ అక్కర్లేదు. 4.8 ఎవరిదో తెలిసింది.

మీ ఉత్తరం అందిన మర్నాడు రెండు ఆటోలు మాట్లాడి, పదకొండు మందినీ తిట్టి ఎక్కించి, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. క్లాసు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లినట్టు దారి పొడవునా తలలు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. పది మందికి ఏమీ లేదు. పదకొండో మనిషి చిన్నమ్మి. ఇప్పుడు ఆమెకు 8.3.

ఫిబ్రవరిలోనే తెలిసి ఉంటే మందులతో, పథ్యంతో కొన్నేళ్లు నెట్టుకొచ్చేదని డాక్టరమ్మ అంది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. పలాసలో మొదలుపెట్టారు. జీడిబట్టీలో ఆమె పీటను వేరేవాళ్లకు ఇచ్చేశారు.

నా పుస్తకంలో రెండో వైపు కూడా రాతలున్నాయి. ఏది మానేశానో ఒక వైపు, మానేసినదాన్ని ఏం చేశానో రెండో వైపు. మా చెట్ల బొండాలు రోజు విడిచి రోజు ఒకటి, మొత్తం డెబ్బై, చిన్నమ్మికి ఇచ్చాను. మాగాయ జాడీ ఒకటి, చిన్నమ్మికి. ఎండుచేపల కట్టలు మూడు, చిన్నమ్మికి. చక్రకేళి గెలలు నాలుగు, చిన్నమ్మికి. రాత్రిళ్లు మోకాళ్లు లాగుతున్నాయంటే నా దగ్గరున్న నొప్పి మాత్రల డబ్బా కూడా ఆమెకే. నాకు విషమని తెలిసిన ప్రతిదాన్నీ, విషం ఎవరికి అవుతుందో ఆ మనిషి చేతికే అందించాను. ఆమె మొహమాటపడితే, పారేస్తానే అని బెదిరించి తినిపించాను.

కాబట్టి నాకు ఇప్పుడు కావలసినవి రెండు. ఫిబ్రవరి 11న రాసిన అసలు జాబితా కావాలి. పేర్లూ నంబర్లూ ఎక్కడ తారుమారయ్యాయో నా కళ్లతో చూడాలి. రెండోది, ఆ తప్పు చేసిన మనిషి పేరు. ఆ మనిషి చిన్నమ్మికి తన చేత్తో ఉత్తరం రాయాలి. నేను చేశాను, ఇది చేశాను, నీకు ఇది పోయింది, అని రాయాలి. ఆ తర్వాత ఆ నాలుగు షరతులకూ తాను నిలబడతాననుకుంటే ఆనెస్ట్ మిస్టేక్ అని రాసుకోవచ్చు. నిలబడకపోతే ఆ మాట ముట్టుకోకూడదు. స్టాంపు వేస్తే ఉత్తరం వెనక్కి పంపుతాను.

పదిహేను రోజుల్లో పేరు రాకపోతే జిల్లా అధికారులకు రాస్తాను. వాళ్లు నా ఉత్తరాలకు జవాబిస్తారు. ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్లే.

క్షమించే తొందర లేని,
కొర్ల జ్ఞానసుందరి

తా.క. మొదటి డయాలసిస్ అయి బయటికి వచ్చాక చిన్నమ్మి నన్ను అడిగిన మొదటి మాట, 'నువ్వు జావ తాగినావా టీచరమ్మా' అని. నాకు జబ్బు లేదని నాలుగోసారి చెప్పాను. నీ కాయితం కూడా మారిపోయుంటాది, ఎందుకైనా మంచిది తాగీ అంది.

---

సాగరతీర రక్తపరీక్షా కేంద్రం, పలాస
28 ఆగస్టు 2024

గౌరవనీయులైన జ్ఞానసుందరి గారికి,

చిన్నమ్మి గారి విషయం తెలిసి చాలా బాధపడ్డాను. ఇది సంస్థ మాట కాదు, నా మాట. మా నాన్నగారికి కూడా నాలుగేళ్లు డయాలసిస్ జరిగింది.

మీరు కోరినట్టు బాధ్యుడిని గుర్తించాం. ఆ రోజు మీ చర్చికి వచ్చి రక్తం తీసిన టెక్నీషియన్ పేరు సుమన్. వయసు నలభై ఆరు, ఊరు సుమ్మాదేవి. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నారు. మీ ఉత్తరం, అందులో జిల్లా అధికారుల ప్రస్తావన చూసి మేనేజరు గారు ఆయన్ని ఆగస్టు 20న పనిలోంచి తీసేశారు. ఉత్తరం రాసివ్వమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. నేను చెయ్యని తప్పుకి 'నేను' అని ఎలా రాత్తాను అన్నారు. సాకు చెప్తున్నారని మేనేజరు గారి అభిప్రాయం.

అసలు జాబితా పాత ఫైళ్లలో దొరికింది. మీరు అడిగారు కాబట్టి నకలు జతచేస్తున్నాను. ఒకటి కాదు, రెండు కాగితాలున్నాయి. మొదటిది పెన్సిలుతో, కూర్చున్న వరస ప్రకారం, కొట్టివేతలతో ఉంది. అందులో ఐదో నంబరు చిన్నమ్మి గారు. ట్యూబుల మీద వేసిన నంబర్లు ఇవే. రెండోది అదే పన్నెండు పేర్లను అక్షరక్రమంలో పెట్టి, ఒకటి నుంచి పన్నెండు దాకా కొత్తగా నంబర్లు వేసి తిరగరాసిన మంచి ప్రతి. అందులో ఐదో నంబరు మీరు. కంప్యూటరులోకి ఎక్కినది ఈ రెండో కాగితం. మిగతావాళ్ల రిపోర్టులూ తారుమారయ్యాయి గానీ అందరివీ ఒకటి లోపే కావడంతో ఎవరూ గమనించలేదు.

మీ పాఠం పేరు చెప్పి బోర్డు పెట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్న,
ప్రేమ్‌కుమార్

తా.క. ఒక చిన్న సహాయం. రెండో కాగితం ఎవరు రాశారో కనుక్కోగలరా? స్కేలుతో గీతలు గీసి, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి, చివర 'మొత్తం పన్నెండు మంది మాత్రమే' అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. ఇంత చక్కని చేతిరాత మా సిబ్బందిలో ఎవరికీ లేదు.

---

గెడ్డవూరు
16 సెప్టెంబరు 2024

ప్రేమ్‌కుమార్ గారికి,

ఆ చేతిరాత నాది.

నేను, కొర్ల జ్ఞానసుందరి, ఫిబ్రవరి 11న మీ టెక్నీషియన్ సుమన్ గారి పెన్సిలు జాబితాను ఆయన బల్ల మీద నుంచి తీసుకున్నాను. అందులో మూడు కొట్టివేతలున్నాయి. ఒక పేరు పక్క గడిలోకి జారింది. పేర్లు అక్షరక్రమంలో లేవు. ముప్పై మూడేళ్లు హాజరుపట్టీ రాసిన మనిషిని, ఆ కాగితం ఒక ఆఫీసుకు వెళ్లడం నేను చూడలేకపోయాను. సండే స్కూలు బీరువాలోంచి స్కేలు తెచ్చి, ఇరవై నిమిషాలు కూర్చుని మంచి ప్రతి రాశాను. పాత నంబర్లు తీసేసి కొత్తవి వేశాను. పెన్సిలు కాగితాన్ని మడిచి, అక్కర్లేదని చెప్పి ఆయన సంచిలో పెట్టాను. మీరు నకలు పంపేదాకా, తప్పు నా మంచి ప్రతిలో ఉంటుందని నాకు తట్టనే లేదు.

దానివల్ల చిన్నమ్మికి ఆరు నెలలు పోయాయి. ఆ ఆరు నెలలతో ఆమె కొన్నేళ్లు కొనుక్కుని ఉండేది.

ఇక నాలుగు షరతులు. తప్పు చేసినది నేనే, నా పేరుతోనే రాస్తున్నాను. మొదటిది కుదిరింది. జరిగినదంతా చెప్పాను, రెండోదీ కుదిరింది. మూడోది, మేలు జరగకూడదు. ఆ రోజు వరండాలో కాగితం చేతులు మారింది. పాస్టరు గారు సహా అందరూ అచ్చు వేసినట్టుందని మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లేదాకా ఆ మాట నా చెవిలోనే ఉంది. అది మేలు కాదని నేను రాయలేను.

నాలుగోది. నేను స్కేలు తీసినప్పుడు సుమన్ గారు నా దగ్గరికి వచ్చారు. 'అమ్మగారూ, గొట్టాల మీద అంకెలు ఏసేసినాను, ఇప్పుడు వరస మార్సకండి' అన్నారు. నేను తల ఎత్తలేదు. ముందు రాత నేర్చుకో నాయనా అన్నాను. ఆయన వయసు నలభై ఆరని మీ ఉత్తరం చూశాకే తెలిసింది. పదకొండు మంది ఆడవాళ్లు నవ్వారు. చిన్నమ్మి కూడా నవ్వింది.

కాబట్టి ఆనెస్ట్ అనే మాట నాకు చెల్లదు. దాని పక్కనున్న మాట మాత్రం మిగిలింది. అది తీసుకుంటున్నాను.

జూలైలోనే ఆటోలు మాట్లాడి ఉండొచ్చు. మీ జవాబు పద్ధతి ప్రకారం రావాలని నెల రోజులు కూర్చున్నాను. అది కూడా నా లెక్కలోనే వేయండి.

మొన్న రైలెక్కి సుమ్మాదేవిలో దిగి సుమన్ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన లేరు. ఎవరిదో జీడితోటలో కూలికి వెళ్లారట. ఆయన భార్య లావణ్య అరుగు మీద చాప వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, నేను చెప్పినదంతా విన్నది. అంతా అయ్యాక, ఇది కాయితం మీద రాసి ఇత్తారా అమ్మా, నోటితో సెప్తే ఎవరూ నమ్మట్నేదు అంది. రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఈ ఉత్తరం రెండో సంతకం. రెంటినీ మీ మేనేజరు గారి ముందు పెట్టండి. సుమన్ గారిని తిరిగి తీసుకునేదాకా నేను మీ కేంద్రానికి వారానికొక ఉత్తరం రాస్తాను. నేను అలసిపోయే మనిషిని కానని మీకు తెలుసు.

చిన్నమ్మికి చెప్పాను. ఆ రోజు డయాలసిస్ లేదు. గుమ్మంలో కూర్చుని ఉంది. కాగితాలు రెండూ పక్కపక్కన పరిచి, ఇది నీ నంబరు, ఇది నేను వేసిన నంబరు అని వేలు పెట్టి చూపించాను. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

'అయితే టీచరమ్మా,' అంది, 'ఆ ఉప్పునేని జావ నాను తాగాల్సిందా?'

అవునన్నాను.

'నీకు కాసి, మిగిలినదాంట్లో ఉప్పేసుకుని, మాగాయ నంజుకుని తాగీదాన్ని' అంది. తర్వాత మొహం తిప్పుకుంది. నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

ఇప్పుడు జావ నేను కాస్తున్నాను. పొద్దున్నే తీసుకెళ్లి ఎదురుగా కూర్చుంటాను. అడుగంటిందంటుంది, ఉండలు కట్టిందంటుంది, ముప్పై మూడేళ్లలో ఇదొక్కటీ నేర్చుకోనేదా అంటుంది. తాగుతుంది. కాళ్లు పట్టబోతే మాత్రం లాక్కుంటుంది.

మీ రిసెప్షన్‌లోని బోర్డు తీసేయించండి. ఆ మాట వాడే పద్ధతి నేర్పినదాన్ని నేనే కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటున్నాను.

మార్కులు వేసే అర్హత పోగొట్టుకున్న,
కొర్ల జ్ఞానసుందరి

తా.క. తప్పు చేసిన మనిషి చిన్నమ్మికి తన చేత్తో ఉత్తరం రాయాలని షరతు పెట్టాను కదా. రాశాను. స్కేలుతో గీతలు గీయలేదు. రెండు కొట్టివేతలున్నాయి, అలాగే ఉంచాను. తీసుకెళ్లి ఇచ్చాక గుర్తొచ్చింది, చిన్నమ్మికి చదువు రాదు. సందులో ఇంకెవరి చేతా చదివించుకోనంది. నువ్వే రాసినావు, నువ్వే సదువు అంది. కాగితాన్ని మందుల సంచిలో పెట్టుకుంది. పలాస వెళ్లే ఆటోలో, వారానికి మూడుసార్లు, తీసి నా చేతికిస్తుంది. కళ్లు మూసుకుని వింటుంది. పూర్తయ్యాక, ఇంకోపాలి అంటుంది.